ఐదో స్తంభం

ఆ పాత బ్యాంకు హాల్లో స్తంభాలు నాలుగు. ఫోటోలో ఐదు. ఈ ఒక్క తేడా పుణ్యమా అని డెబ్భై ఆరేళ్ల పెద్దమనిషికి మతి తప్పుతోందని డాక్టరు నుంచి కన్నకూతురి దాకా అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. రానిది ఆయన భార్య ఒక్కతే. ఆవిడేదో మొగుడి మీద గొప్ప నమ్మకం ఉన్న మనిషని కాదు. ఐదో స్తంభం కట్టింది ఆవిడే గనక ఆవిడకు తెలుసు, అంతే.

కట్టిందంటే ఇటుకా సున్నమూ పెట్టి కాదు. పెన్సిలుతో. మూడు రోజుల పని.

ఆవిడను వీధి వీధంతా టచింగమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దానితో ఎవరికీ పనిలేదు. ఈ కాలం పిల్లలకు చెప్తే నవ్వుతారు గానీ, ఒకప్పుడు ఫోటో తీయడమనేది సగం పనే. మిగతా సగం, టచింగ్ అనేవారు దాన్ని, స్టూడియోలో తెర వెనక జరిగేది. అక్కడ వాలుగా ఒక చిన్న బల్ల, బల్ల మధ్యలో కంత, కింద అద్దం. కిటికీలోంచి వచ్చే వెలుతురు అద్దం మీద పడి పైకి లేచి, కంత మీద పెట్టిన గాజు నెగటివ్‌లోంచి కంట్లోకి వచ్చేది. గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలు పట్టుకొని, ఊపిరి బిగపట్టి, ఆ గాజు మీద చుక్కలు పెట్టాలి. చుక్క పెట్టిన చోట ఫోటోలో తెలుపు వస్తుంది. మశూచి మచ్చలు పోతాయి, కళ్ల కింద గుంటలు నిండుతాయి. పద్దెనిమిదో ఏట ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి యాభయ్యో ఏట లేచింది. ఈ మధ్యలో ఆ ఊళ్లో ఆవిడ నున్నగా చెయ్యని బుగ్గ లేదు. రెప్పలు మూసినవాళ్లకు కళ్లు తెరిపించింది. ఒక కాంట్రాక్టరుకు లేని చెవి పెట్టింది. ఆయన ఆ ఫోటో చూసి చెవి సంగతి ఎత్తనేలేదు, మీసం సన్నబడిందని మాత్రం దెబ్బలాడాడు.

ఇదంతా ఆవిడకు తప్పుగా ఎన్నడూ తోచలేదు. అడిగారు, చేసింది. తోచింది ఒక్కసారే. ఆ ఒక్కదాన్నీ యాభై రెండేళ్లు కడుపులో దాచుకుంది.

అప్పటికి ఆ బ్యాంకు భవనం కట్టి యాభై ఏళ్లు దాటాయి. ఆ సందర్భంగా లోపలి గదులన్నీ ఫోటోలు తీయించి కేలండరు వేయాలని పైవాళ్లకు బుద్ధి పుట్టింది. స్టూడియో మాస్టారు పెద్ద కెమెరాను రిక్షాలో వేసుకొని వెళ్లి ఆరు గాజు ప్లేట్లు తీసుకొచ్చాడు. ఇత్తడి కమ్మీలున్న మెట్లు ఒకటి. ఇనప తలుపు సగం తెరిచిన ఖజానా గది ఒకటి. మేనేజరు గది ఒకటి, అందులో బల్లే తప్ప గది కనబడదు. దస్తావేజుల గది, కౌంటర్లు. ఆరోది పెద్ద హాలు. ఈ హాల్లో మాత్రం సిబ్బందిని స్తంభాల ముందు వరసగా నిలబెట్టారు. లోపల వెలుతురు చాలదు కాబట్టి, "నేను ఎనిమిది లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు" అని మాస్టారు కేకేశాడు. నాలుగో స్తంభం అవతల, వరస చివర, కిటికీ పక్కన ఒక కుర్ర గుమాస్తా నిలబడ్డాడు. తెల్లచొక్కా, నల్లప్యాంటు. ఉద్యోగంలో చేరి పదకొండు నెలలు.

ఫోటో తీసిన ఐదో రోజున ఆ గుమాస్తా ఒక పెద్దమనిషిని "వరసలో నిలబడండి సార్" అన్నాడు. అన్నవాడు ఊరుకోక చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి మరీ నిలబెట్టాడు. ఆ పెద్దమనిషి చైర్మన్‌గారి బావమరిది. సాయంత్రానికి గుమాస్తా ఉద్యోగం ఊడింది. మర్నాడు పొద్దున్నే మేనేజరు స్టూడియోకు పరుగెత్తుకొచ్చాడు.

"ఈ కేలండరు చైర్మన్‌గారి ఇంటికి వెళ్తుందయ్యా! ఆ చివరివాడు అందులో కనబడకూడదు."

"చివరి ముక్క కత్తిరించేద్దాం సార్," అన్నాడు మాస్టారు.

"వాడి పక్కన గోడ మీద చైర్మన్‌గారి నాన్నగారి పటం ఉంది. దాన్నీ కత్తిరిస్తావా?"

మళ్లీ తీద్దామంటే హాలు నిండా సున్నంవాళ్లు దిగారు. అలా ఆ ప్లేటు తెర వెనక్కి వచ్చింది.

"ఈయన వెనకాల ఏముందండీ?" అని అడిగింది టచింగమ్మ. అప్పుడామెకు ఇరవయ్యొకటి. ఆ బ్యాంకు గడప కూడా తొక్కి ఎరగదు.

"కిటికీయో, బెంచీయో. ఎవడు చూశాడమ్మాయ్?"

"ఏముందో తెలీకుండా ఏం గీసేదండీ?" అని కాసేపు ఆలోచించి, "స్తంభం పెట్టేద్దామండీ. స్తంభం వెనక ఏముందని ఎవరూ అడగరు," అంది.

పని తేలికగా సాగడానికి కారణం ఆ తెల్లచొక్కాయే. చొక్కా ఉన్నదున్నట్టుగా స్తంభంలో కలిసిపోయింది, మడతలు నింపితే చాలింది. ప్యాంటుకు రంగు పూసింది. పైన కప్పుదాకా, కింద నేలదాకా పెంచింది. తలకు మాత్రం రోజున్నర పట్టింది. చుక్కలు సమంగా పడాలని ప్లేటును తలకిందులు చేసి పనిచేసేది ఆవిడ. నెగటివ్‌లో నల్లజుట్టు తెల్లగా, తెల్లపళ్లు నల్లగా ఉంటాయి. కాబట్టి తన కాబోయే మొగుణ్ణి ఆవిడ మొట్టమొదట చూసింది తలకిందులుగా, ముగ్గుబుట్ట లాంటి తలతో, నల్లటి పళ్లతో. చూసి, చుక్క తర్వాత చుక్క పెట్టి, మూడో రోజు మధ్యాహ్నానికి శుభ్రంగా కప్పెట్టేసింది.

మేనేజరు ఫోటో చూసి "హాలు ఇప్పుడు నిండుగా ఉంది" అన్నాడు. కేలండరు అచ్చయింది, బ్యాంకు గోడకు మేకు కొట్టి తగిలించారు. రోజూ ఆ నాలుగు స్తంభాల మధ్యనే తిరిగే ముప్పైమంది దాన్ని ఏడాది పొడుగునా చూశారు. స్తంభం ఎక్కువైందని ఒక్కడికి, కనీసం ఒక్కడికైనా అనుమానం రాలేదు. మనుషుల సంగతి ఇలాగే ఉంటుంది, దానికి మనమేం చేస్తాం?

కేలండరు అచ్చయిన రెండు నెలలకు ఆ ఉద్యోగం ఊడిన గుమాస్తా దరఖాస్తుకు ఫోటో కావాలని స్టూడియోకు వచ్చాడు. చంకలో చుట్టిన కేలండరు ఉంది. అది విప్పి మాస్టారు ముందు పరిచాడు.

"సార్, నేను ఇక్కడ నిలబడ్డాను. ఇందులో లేను."

మాస్టారు కనురెప్ప కూడా కదపలేదు. "కదిలి ఉంటావు బాబూ. ఎనిమిది అంకెలంటే మాటలా? కదిలినవాడు పడడు."

కుర్రాడు కేలండరు వంక చాలాసేపు చూశాడు. "కదల్లేదనుకున్నాను సార్. ఆరు దగ్గర గుటక వేశానేమో," అన్నాడు.

తెర వెనక టచింగమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ మాస్టారు జీతమిచ్చేవాడు, స్టూడియోలో చూసింది స్టూడియోలోనే వదిలెయ్యాలన్నది అక్కడి మొదటి నియమం. నోరు మెదపలేదు. మెదపలేదు గానీ, అంత అన్యాయం జరిగితే తప్పెక్కడుందని తన గొంతులో వెతుక్కున్న ఆ మనిషి ఆవిడ మనసులో కూర్చుండిపోయాడు. ఫోటో తీసుకోడానికి వచ్చినప్పుడు ఆవిడే తెర తీసుకొని బయటికొచ్చి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి పెళ్లయింది. జాలితో చేసుకుందనకండి, ఆవిడకు కోపం వస్తుంది. ఇష్టపడే చేసుకుంది. ఆ ఇష్టమే గొంతుకు అడ్డం పడింది.

పెళ్లైన వారంలో చెప్దామనుకుంది. కొత్త మొగుడితో "మిమ్మల్ని తుడిచేసింది నేనే" అని ఎలా మొదలుపెట్టాలో తెలియక వాయిదా వేసింది. కూతురు పుట్టాక చెప్దామనుకుంది. మాస్టారు పోయాక చెప్దామనుకుంది. ఆలస్యమయ్యే కొద్దీ చెప్పాల్సినవి రెండయ్యాయి, తుడిచిన సంగతి ఒకటి, దాచిన సంగతి ఒకటి. రెండోది మొదటిదాన్ని ఎప్పుడో మించిపోయింది.

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేరి ముప్పై రెండేళ్లు చేశాడు. ఏ బస్సు ఎన్ని నిమిషాలకు కదిలిందో రాయడం పని. తన లెక్క మీద తనకే నమ్మకం చాలక ప్రతి బస్సునూ రెండుసార్లు గడియారం చూసి రాసేవాడు. ఆ బ్యాంకు ఉన్న వీధిలో మాత్రం అడుగుపెట్టలేదు. ఎవరైనా ఫోటో తీస్తామంటే చాలు, కర్రలా బిగుసుకుపోయి, ఊపిరి ఆపేసి, కళ్లు మిటకరించేవాడు. మనవల పక్కన నిలబడ్డా అంతే. "తాతయ్యా, ఇది ఫోను! తీయడం అయిపోయింది, గాలి వదులు!" అని పిల్లలు నెత్తీ నోరూ కొట్టుకోవాలి. అందరూ నవ్వేవాళ్లు. టచింగమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇంతకీ మళ్లీ నిప్పు రాజుకున్నది పేపర్లో. బ్యాంకుకు వందేళ్లు దాటాయట. హాలును పాత ఫోటోల్లో ఉన్నట్టే తీర్చిదిద్దుతారట. కాలగర్భంలో కలిసిపోయిన ఐదో స్తంభాన్ని తిరిగి నిలబెడతారట. ఆయన అది చదివి ఒంటికాలి మీద లేచాడు.

"ఐదో స్తంభమేమిటే? ఆ హాల్లో పదకొండు నెలలు పనిచేశాను. ఒక్కో రోజు ఒక్కో స్తంభానికి ఆనుకొని టీ తాగేవాణ్ణి. నాలుగే!"

"పోనిద్దురూ. వాళ్ల బ్యాంకు, వాళ్ల స్తంభాలు. కట్టుకుంటే మనకేం?" అంది ఆవిడ.

"మనకేమా? లేనిదాన్ని ఉందంటుంటే నోరు మూసుకోమంటావా?"

మూసుకోలేదు. ఉత్తరాలు రాశాడు. పని చేయిస్తున్న ఇంజనీరమ్మ, మంచి పిల్లే పాపం, ఓపికగా జవాబిచ్చింది. ఐదో స్తంభానికి ఫోటో ఒక్కటే కాదు, బలమైన ఆధారాలు దొరికాయట. అది ఉండాల్సిన చోట పైకప్పులో పగులుంది, స్తంభం తీసేసినందువల్లే వచ్చిందది. కింద రాయి రంగు వేరుగా ఉంది, అది స్తంభం మొదలు. స్తంభం లేకపోతే పైకప్పు నిలబడే అవకాశమే లేదని లెక్కల్లోనూ తేలింది. పైకప్పు వందేళ్లుగా నిలబడే ఉందన్న సంగతి లెక్కల్లోకి రాలేదు. ఉత్తరం చివర ఇంకో మాట కూడా రాసింది. ఐదో స్తంభం మీది పనితనం మిగతా నాలుగింటికంటే నాజూకుగా ఉందట, శిల్పి ఎవరో గాని మహానుభావుడట. ఆయన ఆ ముక్క పైకి చదివి పళ్లు కొరికాడు. టచింగమ్మకు ఒక్క క్షణం పిసరంత గర్వం కలిగింది. వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది.

ఆయన వదల్లేదు. కాళ్లకు బలపం కట్టుకొని తిరిగాడు. యాభై ఏళ్లు మొహం చూపించని బ్యాంకు గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లకు చెప్పాడు. వాచ్‌మన్ మర్యాదగా ఆటో ఎక్కించి పంపించాడు. ఆ ఆటోతో వ్యవహారం కూతురి చెవిన పడింది.

"అమ్మా, నాన్నను డాక్టరుకు చూపిద్దాం. వయసులో మామూలేనట ఇది. ఉన్నవి మర్చిపోవడం, లేనివి కల్పించుకోవడం."

"ఆయనేం కల్పించుకోలేదే," అంది టచింగమ్మ.

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడైనా చూశావా ఆ హాలు?"

చూడలేదు.

డాక్టరు కాగితం ముందు పెట్టుకొని ప్రశ్నలు అడిగాడు. ఈ రోజు ఏ వారం? చెప్పాడు. వంద నుంచి ఏడేసి తీసేస్తూ రండి. డాక్టరు కంటే ముందే వచ్చాడు. గడియారం బొమ్మ వేయండి. ముప్పై రెండేళ్ల టైమ్ కీపరు, సెకన్ల ముల్లుతో సహా వేశాడు. "మరి బ్యాంకులో స్తంభాలు ఎన్ని సార్?" నాలుగు. డాక్టరు పక్కనున్న పేపరు చూసి ఒక మార్కు తగ్గించాడు. మరీ ప్రమాదమేం లేదని, ఆధారం కళ్లారా చూపిస్తే సర్దుకుంటారని, మూడు నెలలకు మందులు రాశాడు.

అక్కణ్ణుంచే అసలు కష్టం మొదలైంది. అరిచినంతకాలం ఆయన ఆయనలాగే ఉన్నాడు. మందులు మొదలయ్యాక అరుపు ఆగిపోయింది. ఒకరోజు భోజనానికి రమ్మంటే గుమ్మం బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"మెట్లు పద్నాలుగే కదే?"

"పద్నాలుగే."

"నువ్వొకసారి లెక్కపెట్టు. నా లెక్క మీద నాకు నమ్మకం పోయింది."

టచింగమ్మ దిగింది, ఎక్కింది. పద్నాలుగు. ఆయన తల ఊపి లోపలికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలుపుతూ, "అంటే మిగతావి కూడా అంతేనేమో. నేను అనుకునేవి ఎన్ని జరిగాయో, ఎన్ని జరగలేదో," అన్నాడు. ఏడుపూ లేదు, కోపమూ లేదు ఆ గొంతులో. ఆవిడ చెప్దామని నోరు తెరిచింది. "ఇంకాస్త నెయ్యి వేయనా?" అని మూసేసింది. వెళ్లి పొయ్యి దగ్గర నిలబడి తన నోటిని తనే తిట్టుకుంది. ఒక మనిషిని ఒకసారి పెన్సిలుతో తుడిచింది, సరే. ఇప్పుడు లోపల మిగిలినవాణ్ణి కూడా తుడిచేస్తున్నది తనే కదా!

కూతురు ఇంజనీరమ్మతో మాట్లాడి, అసలు గాజు ప్లేటును నాన్నకు చూపించే ఏర్పాటు చేసింది. టచింగమ్మ నేనూ వస్తానంది. పెట్టె అడుగునుంచి పాత సీసా తీసి, అందులో టర్పెంటైన్ పోసుకొని, దూది ఉండ చుట్టి సంచిలో వేసుకుంది. మాస్టారు ఆ ప్లేటు మీద చివరగా వార్నిష్ పూశాడో లేదో ఎంత ఆలోచించినా ఆవిడకు గుర్తురాలేదు. పూసి ఉంటే పెన్సిలు దాని అడుగున ఉండిపోతుంది, ఎంత రుద్దినా రాదు.

హాల్లో పరంజాలు కట్టి ఉన్నాయి. ఐదో స్తంభానికి గొయ్యి తవ్వడానికి నేల మీద సుద్దతో గుండ్రంగా గీశారు. ఒక బల్ల మీద లోపల దీపమున్న వెలుగుపెట్టె, దాని మీద ప్లేటు. ఇంజనీరమ్మ కుర్చీ వేసి, "నెమ్మదిగా చూడండి సార్, తొందరేం లేదు," అంది.

ఆయన వంగి చూశాడు. వేలు ఆనించకుండా గాలిలోనే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేలు ఆగింది. ఐదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఐదేనమ్మా," అన్నాడు. "నేనే పొరబడ్డాను. మిమ్మల్ని అనవసరంగా ఇబ్బంది పెట్టాను. కాగితమేదన్నా ఉంటే ఇవ్వండి, పొరబడ్డానని రాసిస్తాను. మా అమ్మాయికి కాస్త నిశ్చింతగా ఉంటుంది."

కూతురు మొహం తిప్పుకుంది. ఇంజనీరమ్మ కాగితం కోసం అటు తిరిగింది. ఆయన జేబులోంచి కలం తీశాడు.

టచింగమ్మ చెయ్యి అప్పటికే సంచిలో ఉంది. డెబ్భై మూడేళ్ల చెయ్యి, మామూలుగా చెంచా పట్టినా వణుకుతుంది. ప్లేటు మీదికి వెళ్లేసరికి వణుకు పోయింది. తడిపిన దూదితో స్తంభం తలదగ్గర ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ కిందికి దిగింది. దూది నల్లబడింది. వార్నిష్ లేదు.

"అమ్మా! ఏం చేస్తున్నారు!" ఇంజనీరమ్మ కెవ్వుమంది. "అది చారిత్రక వస్తువమ్మా! ఎవరైనా ఆపండి!"

ఆపేలోగా నడుము దాకా వచ్చేసింది. ముగ్గురు మేస్త్రీలు, కూతురు కలిసి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. ప్లేటు మీద, పైన తెల్లజుట్టుతో, నల్లమొహంతో ఒక మనిషి. నడుము నుంచి కింద స్తంభం.

"అక్కడ స్తంభం లేదు," అంది టచింగమ్మ ఆయాసపడుతూ. "మా ఆయన ఉన్నారు. తీసేయమంటే నేనే కప్పాను. స్తంభాలు నాలుగే."

ఇంజనీరమ్మ ఫోను తీసి ప్లేటును ఫోటో తీసి, ఏదో నొక్కింది. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. వేళ్లతో పెద్దది చేసి ఆయన కళ్ల ముందు పెట్టింది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి.

"కదల్లేదు," అన్నాడు ఆయన.

"కదల్లేదు," అంది ఆవిడ.

"మరి పైకప్పు పగులు?" ఇంజనీరమ్మ తేరుకొని అడిగింది. ఆమె బాధ ఆమెది.

"అది వానకు కారేదమ్మా, నేనున్నప్పుడే. కింద బకెట్టు పెట్టేవాళ్లం. ఆ రాయి మీద రంగు బకెట్టు మరక." ఆయన గొంతులో డిపో గొంతు తిరిగొచ్చింది. కలం ఇంకా చేతిలోనే ఉంది. కాగితం లాక్కొని "స్తంభాలు నాలుగు" అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ, టైమూ వేశాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాక భార్య వైపు తిరిగాడు. కూతురు ఆటో కోసం ముందుకెళ్లింది.

"తుడిచావు, సరే. నీ ఉద్యోగం నువ్వు చేశావు. అప్పటికి నేనెవరో నీకు తెలీదు. నేను కదిలానని నన్ను ఎందుకు అనుకోనిచ్చావు?"

"భయమేసిందండీ. చెప్తే నన్ను వదిలేస్తారేమోనని."

"ఎన్నాళ్లు వేసింది?"

"రోజూ."

ఆయన రోడ్డు వంక తిరిగాడు. "నువ్వు కాపురం చేసింది నేను కదిలాననుకున్నవాడితో. కదల్లేదని తెలిసినవాడు ఎలా ఉండేవాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ సంగతి ఇంక తేలదు."

ఆటో వచ్చింది. ఆయన ముందు డ్రైవరు పక్కన ఇరుక్కొని కూర్చున్నాడు.

మూడు రోజులు మాట్లాడలేదు. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. మందులు మాత్రం ముట్టుకోలేదు. నాలుగో రోజు పొద్దున చెప్పులేసుకొని గుమ్మంలో నిలబడి, "ఆ డాక్టరుకు ఏం చెప్పాలో నువ్వే వచ్చి చెప్పు," అన్నాడు. ఆవిడ చీర మార్చుకొని వెంట నడిచింది.

డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. టచింగమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా ఆయనకు మతి శుభ్రంగా ఉంది డాక్టరుగారూ. ఆ స్తంభం నేను కట్టాను. పెన్సిలుతో. దానికింద ఈయనున్నారు. మొన్న దూదితో తీస్తే నడుము దాకా బయటికొచ్చారు."

డాక్టరు ఆవిడ వంక కాసేపు చూశాడు. తర్వాత ఆయన వంక చూశాడు. మెల్లగా సొరుగు లాగి అదే కాగితం ఇంకొకటి తీసి ముందు పెట్టుకున్నాడు.

"అమ్మా, మీ వయసెంత? ఈ రోజు ఏ వారమో చెప్పండి."

టచింగమ్మకు ఏ వారమో నిజంగానే గుర్తురాలేదు. మూడు రోజులుగా నిద్ర లేదు. డాక్టరు కాగితం మీద మొదటి గడిలో ఏదో రాసుకోబోయాడు. చెప్పేది అక్షరం అక్షరం నిజమై కూడా నమ్మేవాడు లేకపోతే ఎలా ఉంటుందో ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది ఆవిడకు. పక్కన కూర్చున్న మనిషి నోరు విప్పకపోతే తనకు దిక్కులేదు. ఆయన విప్పకపోయినా అడిగే హక్కు తనకు లేదు.

"డాక్టరుగారూ," అన్నాడు ఆయన, "ఆ కాగితం లోపల పెట్టేయండి. ఆవిడ చెప్పిందంతా నిజం. నేనే సాక్షి."

మూడు రోజుల తర్వాత ఆయన నోటినుంచి ఆవిడ గురించి వచ్చిన మొదటి మాట అది. అనడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు. టచింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, డాక్టరు ముందే, బిగ్గరగా ఏడ్చేసింది. డాక్టరు కంగారుపడి నీళ్లు తెప్పించాడు. ఆయన గ్లాసు అందుకొని, ఆవిడ తాగేదాకా పట్టుకొని కూర్చున్నాడు.